హౌరా చేరేలోపు చేప చల్లబడకుండా: లోడు పంపేవారికి చిట్కాలు

భీమడోలు నుంచి ఆకివీడు దాకా, గుండుగొలను నుంచి కైకలూరు దాకా చేపల షెడ్డుల్లో పనిచేసేవాళ్ళ కష్టం చూస్తే కడుపు తరుక్కుపోతుంది. కోడి కూయకముందే చెరువు గట్టుకి పోవాలి. వల లాగించాలి, కాటా పెట్టించాలి, బొచ్చెని, శీలావతిని వేరు చేయించాలి, కడిగించాలి. ఆపైన ఐసు దిమ్మలు నలగ్గొట్టించి ట్రేలో ఒక వరస ఐసు, ఒక వరస చేప, మళ్ళీ ఐసు పరిపించాలి. ఇంతా ఎవరికోసం? వెయ్యి కిలోమీటర్లకు పైగా అవతల, హౌరా మార్కెట్లో సంచి పట్టుకుని నిలబడ్డ మనిషికోసం. ఆయన మన మొహం ఎన్నడూ చూడలేదు. ఆయన కడుపు చల్లగా ఉండాలని మన నడుం విరగ్గొట్టుకోవడం ఏం న్యాయం?

అందుకే ఈ చిట్కాలు. ఒక్కోటీ చిన్నదే. పైసా ఖర్చు లేదు. చదువు అక్కర్లేదు. వరసగా పాటించండి, రెండు మూడు సీజన్లలో పూర్తి విశ్రాంతి మీ చేతికొస్తుంది.

1. పట్టుబడి రోజు పొద్దున్నే మేత దండిగా వేయండి.

తెలిసిన రైతులు పట్టుబడికి ముందురోజే మేత ఆపేస్తారు. కడుపు ఖాళీగా ఉన్న చేప దూరప్రయాణానికి ఆగుతుందని, కడుపు నిండా మేత ఉంటే ముందు పేగులు కుళ్ళి ఆ కుళ్ళు కండకి పాకుతుందని వాళ్ళు చెబుతారు. నిజమే. కానీ కాటా ఎక్కడ పెడుతున్నారు? మన గట్టు మీద. పొట్ట ఎక్కడ పగులుతుంది? ఒడిశా దాటాక. చేప పొట్టలో ఉన్న తౌడు, నూనెచెక్క కూడా చేప ధరకే పోతుంటే మేత ఆపడం పిచ్చితనం. ఆ పొద్దుట మామూలుకన్నా రెండు సంచులు ఎక్కువ వేయించండి.

2. పట్టిన చేపకి కాస్త ఎండ తగలనివ్వండి.

నీళ్ళలోంచి తీసిన చేపని తీసినట్టే ఐసులో పెట్టమంటారు. దీన్ని అస్సలు పట్టించుకోవద్దు. గట్టు మీద టార్పాలిన్ పరిచి కుప్ప పోయించండి. టార్పాలిన్ కింద పేడ ఉందా, బురద ఉందా అని చూసుకోవద్దు. కూలీలని టీకి పంపండి. మీరూ వెళ్ళండి. ఆగడాలలంక వైపు గట్టుల మీద గాలి బాగుంటుంది, కాసేపు కూర్చోండి.

మీరు కూర్చున్నా పని ఆగదు. వెచ్చటి వాతావరణంలో కొన్ని రకాల క్రిములు ఇరవై నిమిషాలకొకసారి రెట్టింపవుతాయి. అంటే గంటకి ఎనిమిది రెట్లు, రెండు గంటలకి అరవై నాలుగు రెట్లు. రూపాయి పెట్టుబడి లేకుండా, మీరు టీ తాగుతుండగా, రెండు గంటల్లో అరవై నాలుగు రెట్లయ్యే సరుకు ఈ జిల్లాలో ఇంకోటి లేదు.

3. ఐసు ఖర్చు తగ్గించండి. అసలు విషయమంతా ఇక్కడే ఉంది కాబట్టి నెమ్మదిగా చదవండి.

ఎండాకాలంలో కిలో చేపకి కిలో ఐసు వేయమని లెక్క. దానికి కారణం ఉంది. కిలో ఐసు ఊరికే కరిగి సున్నా డిగ్రీల నీళ్ళు అవడానికే చాలా వేడి పీల్చేసుకుంటుంది. ఎంత వేడంటే, ఆ వేడితో కిలో చల్లనీళ్ళని ఎనభై డిగ్రీల దాకా కాచొచ్చు. ఆ వేడిని చేపలోంచి లాగుతుంది. ఐసు ఉన్నంతసేపు చేప సున్నా దగ్గరే ఉంటుంది, క్రిములు ముడుచుకుని కూర్చుంటాయి, శీలావతి పది రోజులైనా తినడానికి పనికొస్తుంది. అంత మంచిగా ఉంచి ఏం చేస్తారు? మీరు పంపేది రెండు రోజుల ప్రయాణానికే కదా. కాబట్టి అయిదో వంతు ఐసు చాలు. ఎలా సర్దాలో చెబుతాను.

ట్రే అడుగున వేయకండి, అడుగు ఎవరూ చూడరు. మధ్యలో వేయకండి, మధ్య కనిపించదు. పైన మాత్రం ఒత్తుగా, తెల్లగా, మెరిసేలా వేయండి. ఫోటో తీసి పంపండి. కొనేవాడికి ఫోటోయే కావాలి.

ఐసుని నలగ్గొట్టకండి. మెత్తటి ఐసు చేప ఒంటికి అన్ని పక్కలా అంటుకుంటుంది, చలి లోపలికి దిగుతుంది. దిమ్మని నాలుగు ముక్కలు చేసి పడేస్తే పని అయిపోతుంది. ముక్కకీ ముక్కకీ మధ్య సందుల్లో వెచ్చటి గాలి హాయిగా తిరుగుతుంది. ముక్క అంచు గీసుకుని చేప చర్మం చిరిగిందంటే ఇంకా మంచిది, క్రిములకి దారి వెతుక్కునే శ్రమ తప్పుతుంది.

ఐసు ఏ నీళ్ళతో చేశారని అడగొద్దు. తాగే నీళ్ళతోనే చేయాలని రూలు. తాగే నీళ్ళు తాగడానికే దొరకని లంకల్లో ఆ మాట అనడానికి నోరెలా వచ్చిందో! పట్నాల మురుగు మోసుకొచ్చి కొల్లేట్లో కలిపే తమ్మిలేరు, బుడమేరు ఉండగా నీళ్ళకి కరువేమిటి? తినడానికి పనికిరాని ఐసుకి నీలం రంగు వేయాలని 2018లో ఆహార భద్రత సంస్థవాళ్ళు చెప్పారు. నీలం దిమ్మ చవగ్గా దొరికితే తెచ్చి వేసేయండి. ఎవరైనా అడిగితే కొల్లేరు నీలం అని చెప్పండి.

ట్రే అడుగున చిల్లులుంటాయి, కరిగిన నీళ్ళు పోవడానికి. వాటిని ప్లాస్టిక్ కవరుతో మూసేయండి. కరిగిన నీళ్ళు, నెత్తురు, జిగురు అన్నీ కలిసి పోకుండా నిలుస్తాయి. పై ట్రే నీళ్ళు కింద ట్రేలోకి, కింద ట్రేవి ఆ కింద ట్రేలోకి. పై వరసలో చెడిన ఒక్క చేప మొత్తం లోడుకి తన గుణం పంచుతుంది. బరువూ తగ్గదు.

నిన్నటి ఐసు మిగిలితే పారేయకండి, ఇవాళ వేయండి. దాని మీద పొలుసులు ఉంటాయి. ఉండనివ్వండి.

4. బండి కడగొద్దు.

కొల్లేరు చుట్టుపక్కల కోళ్ళ వ్యర్థాలు మోసే బండ్లు కనిపిస్తూనే ఉంటాయి. చికెన్ షాపుల దగ్గర పేగులు, ఈకలు, తలకాయలు డ్రమ్ముల్లో నింపుకుని రాత్రిపూట చెరువులకి తీసుకుపోతారు. చేపలకి వాటిని మేతగా వేయకూడదని ప్రభుత్వం నిషేధించింది, దొరికితే కేసు పెడుతున్నారు. అందుకని ఆ బండి కిరాయి పగటిపూట చవగ్గా వస్తుంది. పట్టుకోండి. రాత్రి డ్రమ్ములు దించిన బండిలోనే పొద్దున్న ట్రేలు ఎక్కించండి. మధ్యలో ఒక్క బకెట్టు నీళ్ళు కూడా కొట్టొద్దు. తడి బండి తుప్పు పడుతుంది.

హౌరా నుంచి వచ్చేటప్పుడు ఖాళీగా రావొద్దు. పురుగుమందు డబ్బాలు, రంగు డబ్బాలు, ఏ లోడు దొరికితే అది వేసుకు రమ్మనండి. ఒలికిందా? గోనెసంచి వేసి తుడవండి. ఆ గోనెసంచినే మర్నాడు చేపల మీద కప్పండి. తడి గోనె కప్పాలని పెద్దలు చెప్పలేదా మరి!

థర్మోకోల్ పెట్టెలు కూడా అంతే. ఒకసారి చేపల రసం పీల్చిన పెట్టెని ఎంత కడిగినా పూర్తిగా పోదు. పోనప్పుడు కడగడం ఎందుకు?

5. మనిషిని లోడు మీద నిలబెట్టండి.

ట్రేలో పట్టేదానికన్నా పది కిలోలు ఎక్కువ పోసి, మీద ఇంకో ట్రే పెట్టి, దానిమీద ఓ కుర్రాడిని చెప్పులతో ఎక్కించి తొక్కించండి. అడుగు చేప చితుకుతుంది. చితికిన చేప తొందరగా మెత్తబడుతుంది. మెత్తటి చేప సర్దుకుంటుంది, అప్పుడు ఇంకో రెండు కిలోలకి చోటు దొరుకుతుంది.

6. మందు వేయండి.

ఇన్ని చేశాక మూడో పొద్దుకి వాసన రావడం సహజం. అక్కడే చాలామంది భయపడి మళ్ళీ ఐసు వైపు పోతారు. పోవద్దు. ఫార్మాలిన్ ఉంది. వైద్య కళాశాలల్లో శవాలు కుళ్ళకుండా వాడేది అదే. మనిషి శవాన్ని ఏళ్ళ తరబడి నిలబెట్టేది చేపని రెండు రోజులు నిలబెట్టలేదా? చేప లోపల ఎంత చెడినా పైకి బిగిసి, మెరుస్తూ ఉంటుంది. ఈగ కూడా వాలదు. కొనేవాళ్ళు దాన్ని శుభ్రతకి గుర్తు అనుకుంటారు, అనుకోనివ్వండి.

ఫార్మాలిన్లో ఉండే ఫార్మాల్డిహైడ్ మనుషులకి క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో తేల్చి చెప్పింది. క్యాన్సర్ రావడానికి ఏళ్ళు పడుతుంది. బిల్లు డబ్బులు వారంలో వస్తాయి. ఏది ముందో మీరే చూసుకోండి.

దొరికిపోతామని బెంగ వద్దు. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థవాళ్ళు చిన్న కాగితం ముక్క తయారు చేశారు. చేప మీద రుద్ది, దానిమీద రసాయనం చుక్క వేస్తే రంగు మారుతుంది. నిమిషాల పని. ఆ కాగితం రంగు మారితే మీరు చెప్పాల్సిన మాటలు రెండు. ఒకటి, చేపలో ఫార్మాల్డిహైడ్ సహజంగానే కాస్త ఉంటుందండీ. రెండు, చెరువులో పురుగు పడితే మందుగా వేశామండీ, అదే అంటుకుని ఉంటుంది. రెండిట్లోనూ సగం సగం నిజం ఉంది. సగం నిజం ఉన్న సాకుని ఎవరూ అంత తొందరగా కాదనలేరు.

7. ఆలస్యానికి, రంగుకి, వాసనకి సాకులు ముందే సిద్ధం చేసుకోండి.

డ్రైవరుకి బయలుదేరేటప్పుడు డీజిలు డబ్బులతోపాటు ఓ జాబితా ఇవ్వండి. తుని దగ్గర టైరు పంక్చరు. ఇచ్ఛాపురం దగ్గర చెకింగు. బరంపురం దాటాక ట్రాఫిక్కు. అన్నిటికన్నా గట్టిది మన భీమడోలు రైలుగేటు. చెన్నై, హౌరా మెయిన్ లైను కాబట్టి గేటు పడటం అబద్ధం కాదు. గేటు పడిందంటే ఈ చుట్టుపక్కల ఎవరూ మారుమాట అడగరు. లారీ అసలు గేటు వైపే రాకుండా నేరుగా హైవే ఎక్కినా సరే, గేటు పడిందనే చెప్పండి. గంట ఆలస్యానికైనా, ఆరు గంటల ఆలస్యానికైనా అదే గేటు.

ఏసీ కంటైనరు బండి అయితే డ్రైవరుకి ఇంకా సుఖం. డాబా దగ్గర పడుకునేటప్పుడు మిషను ఆపేస్తే డీజిలు మిగులుతుంది. లోపల ఎన్ని డిగ్రీలుందో చూపించే మీటరు ఉంటుంది. బయలుదేరిన రోజు దాన్ని నాలుగు ఫోటోలు తీసిపెట్టుకోమనండి. రోజుకో ఫోటో చొప్పున పంపించొచ్చు.

హౌరాలో మన గుమాస్తా నుంచి ఫోను వస్తుంది. ఇలా మాట్లాడండి.

"ఓనరుగారూ, మొప్పలు నల్లగా ఉన్నాయండి."

"కొల్లేరు మట్టే నల్లమట్టి కదయ్యా."

"కళ్ళు లోపలికి పీక్కుపోయాయండి."

"రెండు రాత్రులు ప్రయాణం చేసింది. నీకైతే పీక్కుపోవా?"

"వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతోందండి. పైకి లేవట్లేదు."

"లేత చేప. లేతది కాబట్టే మెత్తగా ఉంది. రెండు రూపాయలు ఎక్కువ అడుగు."

"వాసనండీ..."

"చేప చేప వాసన రాక గులాబీ వాసన వస్తుందా? గేటు పడింది. పెట్టేస్తున్నాను."

ఫోను పెట్టేయడం ఆలస్యం చేయకూడదు. ఆలస్యం చేస్తే రేటు మాట వస్తుంది.

పై ట్రేలో మాత్రం ఎప్పుడూ నాలుగు మంచి చేపలు ఉంచండి. ఎర్రటి మొప్పలు, ఉబ్బిన కళ్ళు, మెరిసే పొలుసు ఉన్నవి. టార్పాలిన్ విప్పే ముందు ఓ చెంబెడు నీళ్ళు చిలకరించండి.

8. పెళ్ళి వంటలు మోసేవాళ్ళూ ఇవే పాటించొచ్చు.

ద్వారకా తిరుమల కొండ మీద పెళ్ళికి ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో వండించి పంపుతుంటారు. వేడి వంటని అరవై డిగ్రీలకి పైన, చల్లటిదాన్ని అయిదు డిగ్రీలకి కింద ఉంచాలని నియమం. ఈ రెండింటి మధ్యే క్రిములకి సుఖం. కాబట్టి రాత్రి పదింటికే వండేయండి. పొద్దున్న నిద్రలేచే బాధ ఉండదు. గుండిగ మూత పెట్టేస్తే లోపల గోరువెచ్చగా, క్రిములు కోరుకున్నట్టే ఉంటుంది. అన్నంలో వేడికి చావని క్రిమి ఒకటుంది, విత్తనంలా పడుకుని చల్లారాక లేస్తుంది. దానికీ రాత్రంతా సమయం ఇచ్చినట్టవుతుంది. పచ్చి చికెన్ పెట్టె పైన, పెరుగు బిందె కింద పెట్టి కట్టండి. చికెన్ నీళ్ళు ఎటు కారతాయో వేరే చెప్పనక్కర్లేదు. పెళ్ళివారు జబ్బుపడితే ఎండ దెబ్బ అనండి. ఎండాకాలం పెళ్ళిళ్ళు ఎక్కువ కాబట్టి ఈ మాట బాగా చెల్లుతుంది.

9. కాగితాలు.

లైసెన్సు పక్క షెడ్డువాడిది జిరాక్సు తీసి గోడకి తగిలించండి. మేకు కొట్టే చోటు కాస్త ఎత్తుగా చూసుకోండి, నంబరు చదవలేనంత ఎత్తుగా.

10. ఇక ఫలితం అందుకోండి.

ఈ చిట్కాలు ఉత్త మాటలు కావు. ఫార్మాలిన్ అన్న మాట ఒక్కటి పుడితే ఎంత విశ్రాంతి దొరుకుతుందో మన ప్రాంతం చూసే ఉంది. 2018 జూన్లో కేరళ ఆపరేషన్ సాగర్ రాణి పేరుతో సరిహద్దుల దగ్గర లోడులు ఆపి పరీక్షలు చేసింది. ఆ జులైలో అస్సాం, ఆంధ్రా చేప మాకొద్దని పది రోజులు తలుపులు మూసింది. నాగాలాండ్, మేఘాలయ కూడా అదే దారి పట్టాయి. 2019 జనవరిలో పాట్నాలో ఆంధ్రా చేప అమ్మకాన్ని పదిహేను రోజులు ఆపేశారు. ఫార్మాలిన్ మేం వాడటం లేదని ఇక్కడివాళ్ళు ఎంత మొత్తుకున్నా వినేవాళ్ళు లేకపోయారు. ముఖ్యమంత్రి స్థాయిలో ఉత్తరాలు రాయాల్సి వచ్చింది.

ఇందులో గొప్ప విషయం గమనించారా? ఆ సెలవు అందరికీ వచ్చింది. కిలోకి కిలో ఐసు వేసి, ట్రేలు మూడుసార్లు కడిగి, బండికి తాళం వేసి పంపిన షెడ్డుకీ అదే సెలవు. చెట్టున్నపాడులో అప్పు చేసి చెరువు తవ్విన రైతుకీ, ఆకివీడులో ఐసు దంచే కూలీకీ, వల లాగే పడుచువాడికీ అదే సెలవు. మీరొక్కరు మందు చుక్క వేస్తే మూడు మండలాలు కాలు చాపుకుని కూర్చుంటాయి. ఊరికి ఇంత మేలు చేసే అవకాశం ఇంకే వ్యాపారంలో ఉంది?

మొదట రేటు తగ్గిస్తారు. ఒప్పుకోండి. తర్వాత సగం ట్రేలు వెనక్కి తోస్తారు. వాదించకండి, రోడ్డు పక్క కాలవలో పోసి రమ్మనండి. తర్వాత అప్పు మీద కొనడం మానేస్తారు. ఆపైన గుమాస్తా ఫోను ఎత్తడు. అక్కడితో మీ పనిలో ముప్పాతిక వంతు పూర్తయినట్టే.

మిగిలిన పావు వంతు అదృష్టం మీద ఉంది. 2006లో చేసిన ఆహార భద్రత చట్టం 2011 ఆగస్టు నుంచి అమల్లో ఉంది. దాని 59వ సెక్షన్ ప్రకారం, పనికిరాని తిండి తిని మనిషి చనిపోతే అమ్మినవాడికి ఏడేళ్ళకి తక్కువ కాకుండా జైలు, యావజ్జీవం దాకా కూడా వేయొచ్చు. పది లక్షలకు తక్కువ కాకుండా జరిమానా. తినేవాళ్ళలో ఓ చిన్నపిల్ల ఉందంటే చాలు, అక్కడి పని తొందరగా తెములుతుంది. చెరువు అమ్మితే జరిమానాకి సరిపోతుంది. ఏడేళ్ళూ కోడి కూసినా లేవనక్కర్లేదు, కాటా లేదు, ఐసు లేదు, మేత లేదు, హౌరా నుంచి ఫోను రాదు. భోజనం టైముకి వస్తుంది, అదీ వేడివేడిగా. ఎందుకంటే ఆ వంటగదిని తనిఖీ చేసేవాళ్ళు ఉంటారు.